శీతాకాలం సిగ్నేచర్ బొమ్మ: మంచు మంచులా కనిపించాలంటే ఏం చేయాలి?

కొత్తకుంచె
అందరికీ నమస్కారం. మెయిల్ కింద పెట్టుకోవడానికి శీతాకాలం థీమ్‌తో ఒక సిగ్నేచర్ బొమ్మ చేస్తున్నాను. సైజు 500 × 150 పిక్సెల్స్, సాఫ్ట్‌వేర్ గింప్ 2.10. రాత్రి ఆకాశం, కింద మంచు నేల, ఎడమ పక్క రెండు పైన్ చెట్లు, మధ్యలో తెలుగు అక్షరాల్లో నా పేరు. పైనుంచి మంచు పడుతూ ఉండాలని కోరిక.

ఆకాశం, చెట్లు బాగానే కుదిరాయి. నేల మాత్రం చదునుగా, వట్టి తెల్ల పట్టీలా ఉంది. పడే మంచు కోసం తెల్ల బ్రష్‌తో చుక్కలు పెడితే అవి నక్షత్రాల్లా కనబడుతున్నాయి. పేరు ఆ చుక్కల మధ్య కలిసిపోయి చదవడానికి రావట్లేదు. ఎక్కడి నుంచి సరిచేసుకుంటూ రావాలో చెప్పండి.

రంగులపెట్టె
ముందు నేల సంగతి చూడండి, మిగతావి దాని వెంటే వస్తాయి. మంచుని తెలుపుతో నింపితే అది మంచు అవదు. మంచుకి ఆకారం ఇచ్చేది నీడ. ఆ నీడ బూడిదరంగులో కాక నీలంలో ఉండాలి. నేరుగా వెలుగు తగలని చోట మంచు మీద పడేది ఆకాశపు వెలుగే కదా, ఆ నీలమే తిరిగి మన కంటికి చేరుతుంది. కొత్తగా కురిసిన మంచు తన మీద పడ్డ వెలుగులో 80 నుంచి 90 శాతం వెనక్కి పంపేస్తుంది కాబట్టి చుట్టూ ఏ రంగు ఉంటే దాన్నే పట్టి చూపిస్తుంది.

క్లోడ్ మోనే 1868-69లో వేసిన 'మాగ్‌పై' అనే చిత్రం ఒకసారి వెతికి చూడండి. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. మంచు నేల మీద కంచె నీడ పడి ఉంటుంది. ఆ నీడ రంగుని ఐడ్రాపర్‌తో (బొమ్మలోంచి రంగు పట్టే టూల్‌తో) తీసి చూస్తే నేను పేజీలకొద్దీ రాసినా రాని అవగాహన వస్తుంది.

నేను వాడే రంగు విలువలు ఇవి (వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255), మీ ఆకాశానికి తగ్గట్టు మార్చుకోండి. వెలుగు తగిలే మంచు: 236, 240, 247. నీడ: 138, 163, 208. అచ్చమైన తెలుపు, అంటే 255, 255, 255, మొత్తం బొమ్మలో రెండు మూడు చోట్ల మాత్రమే, దిబ్బల అంచుల మీద. అన్నిచోట్లా అదే వాడితే ఇక మెరుపు చూపించడానికి అంతకన్నా తెల్లటి రంగు మిగలదు.

నేలని ఒకే గీతతో కాకుండా పాత్ టూల్‌తో రెండు మూడు మెత్తటి వంపులుగా గీయండి. ఒక్కో దిబ్బ ఒక్కో లేయర్ (విడి పొర). వెనకది కొంచెం ముదురు నీలం, ముందుది లేత. వెలుగు ఎటునుంచి వస్తోందో ఇప్పుడే తేల్చుకోండి. చంద్రుడు ఎడమ పైన ఉంటే చెట్ల నీడలు కుడివైపు, మన వైపు పడాలి. తర్వాత అక్షరాలకి బెవెల్ (అంచులు ఉబ్బెత్తుగా కనబడే ఎఫెక్ట్) ఇచ్చినా అదే కోణం.

ఇంకో మాట. పూర్తి చీకటి రాత్రి కన్నా సంధ్యవేళ తీసుకుంటే ఈ సైజుకి బాగుంటుంది. పైన 38, 58, 104, కిందకి వచ్చేసరికి 196, 206, 224, దిగంతం దగ్గర లేత గులాబీ ఛాయ. పేరు వెనక లేత పట్టీ వస్తుంది కాబట్టి అక్షరాలు ముదురుగా పెట్టుకోవచ్చు.

పొరలపని
రంగుల గురించి పైన చెప్పింది అక్షరాలా పాటించండి. నేను పడే మంచు గురించి చెబుతాను.

కాన్వాస్ 1000 × 300 పెట్టుకుని పనిచేసి చివర్లో సగానికి తగ్గించండి. సన్నని కొమ్మలు, అక్షరాల వంపులు నున్నగా వస్తాయి. తగ్గించాక అన్‌షార్ప్ మాస్క్ (బొమ్మకి పదును పెంచే ఫిల్టర్) అతి కొద్దిగా ఇవ్వాలి, రేడియస్ 0.5 చాలు.

మీ చుక్కలు నక్షత్రాల్లా కనబడటానికి కారణం అన్నీ ఒకే సైజు, ఒకే పదును, ఒకే వెలుగు కావడం. పడే మంచుకి లోతు కావాలి. మూడు లేయర్లు పెట్టండి. దూరపు మంచు చిన్నది, ఎక్కువ, మసకగా, ఒపాసిటీ 40 శాతం లోపు. మధ్యది కొంచెం పెద్దది, తక్కువ. దగ్గరిది బాగా పెద్దది, బ్లర్ అయి ఉండాలి, మొత్తం మీద ఏడెనిమిది రేకులకు మించకూడదు. ఈ దగ్గరి లేయర్ చాలామంది వదిలేస్తారు. కానీ చూసేవాళ్లని ఆ మంచులో నిలబెట్టేది అదే.

దూరపు లేయర్‌ని చేత్తో వేయక్కర్లేదు. కొత్త లేయర్ తీసి నలుపు నింపండి. ఫిల్టర్స్ మెనూలో నాయిస్, అందులో ఆర్‌జీబీ నాయిస్. 'ఇండిపెండెంట్ ఆర్‌జీబీ' టిక్ తీసేస్తే రంగుచుక్కలు రావు. తర్వాత గాసియన్ బ్లర్ 1.5 నుంచి 2. అప్పుడు లెవెల్స్ తెరిచి నలుపు కొసని కుడివైపు జరుపుతూ పోండి, చాలా చుక్కలు మాయమై కొన్ని మిగులుతాయి. తెలుపు కొసని ఎడమకి లాగితే మిగిలినవి వెలుగుతాయి. లేయర్ మోడ్ స్క్రీన్‌కి మారిస్తే నలుపంతా పోయి మంచు మాత్రం నిలుస్తుంది. గాలి కావాలంటే మోషన్ బ్లర్ మూడు నాలుగు పిక్సెల్స్, కొద్దిగా వాలుగా. అంతకు మించితే వాన అయిపోతుంది.

పేరు మీద పడే రేకుల్ని తుడిచేయకండి. మంచు లేయర్‌కి లేయర్ మాస్క్ (ఏ భాగం ఎంత కనబడాలో చెప్పే ముసుగు) పెట్టి అక్షరాలున్న చోట బూడిదరంగుతో మెత్తగా రుద్దండి. మంచు అక్కడ పలచబడుతుంది, తెగినట్టు ఉండదు.

తుషారబిందు
శీతాకాలం బొమ్మ అంటూ ఆరు కొమ్మల మంచు స్ఫటికం లేకపోతే ఎలా? నాకు అందులో అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. గింప్ 2.10లో సిమెట్రీ పెయింటింగ్ అనే డాక్ ఉంది. విండోస్ మెనూలో డాకబుల్ డైలాగ్స్ కింద దొరుకుతుంది. అందులో మండల ఎంచుకుని పాయింట్లు 6 ఇవ్వండి. కేంద్రం దగ్గర నుంచి ఒక కొమ్మ గీస్తే మిగతా అయిదూ వాటంతట అవే వస్తాయి. పక్కరెమ్మల్ని రెండు వైపులా మీరే గీయాలి.

దయచేసి ఎనిమిది కొమ్మలతో గీయకండి. చాలా రెడీమేడ్ బ్రష్‌లలో ఎనిమిది ఉంటాయి, చూస్తే నాకు బాధగా ఉంటుంది. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు షడ్భుజి అల్లికలో కుదురుకుంటాయి, అందుకే ఆరు. పక్కరెమ్మలు కూడా అసలు కొమ్మకి 60 డిగ్రీల కోణంలోనే బయల్దేరతాయి. ఈ ఒక్క కోణం సరిగ్గా పడితే మీ స్ఫటికం నిజందిలా ఉంటుంది. మంచురేకుకి ఎప్పుడూ ఆరు కోణాలే ఎందుకని యోహానెస్ కెప్లర్ 1611లోనే ఒక చిన్న రచన చేశాడు. విల్సన్ బెంట్లీ 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా జతచేసి స్ఫటికాన్ని ఫోటో తీశాడు. ఆ తర్వాత జీవితాంతం తీస్తూ 5000 దాటించాడు. గీసే ముందు ఆ ఫోటోలు చూడండి. అన్నీ నక్షత్రాలు ఉండవు, పలకలుంటాయి, స్తంభాలుంటాయి. కొమ్మలు విరబూసిన నక్షత్రం సుమారు మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది. మైనస్ 5 దగ్గర అయితే సూదుల్లాంటివి వస్తాయి.

రంగులపెట్టె
తుషారబిందు గారూ, స్ఫటికం అందం కాదనను. కానీ ఈ బొమ్మలో చెట్టు ఎత్తు 90 పిక్సెల్స్ ఉంటుంది. అసలు స్ఫటికం కొన్ని మిల్లీమీటర్లు. చెట్టు పక్కన 30 పిక్సెల్స్ స్ఫటికం పడుతూ కనిపిస్తే చెట్టు ఆటబొమ్మలా అయిపోతుంది. పడే మంచులో ఆకారం కనబడకూడదు, మెత్తటి చుక్కలే ఉండాలి.

తుషారబిందు
పడే మంచులో పెట్టమని నేనూ అనను. దృశ్యంలో భాగంగా కాక అలంకారంగా పెట్టమంటున్నాను. కుడి పక్క ఖాళీ ఆకాశంలో 130 పిక్సెల్స్ వెడల్పున్న ఒకే ఒక్క స్ఫటికం, సగం ఫ్రేమ్ బయటికి పోయేలా, సాఫ్ట్ లైట్ మోడ్‌లో, 15 శాతం ఒపాసిటీతో. అంత పెద్దది పెడితే ఎవరూ దాన్ని పడుతున్న రేకు అనుకోరు, కిటికీ అద్దం మీద నగిషీ అనుకుంటారు. ఎడమ పక్క చెట్లకి కుడి పక్క బరువు కూడా దొరుకుతుంది.

రంగులపెట్టె
అలా అయితే ఒప్పుకుంటాను. ఒకటే, అంతే లేతగా.

అక్షరప్రియ
అందరూ ఆకాశం, నేల, స్ఫటికాల దగ్గరే ఆగారు. సిగ్నేచర్‌లో అసలు చూడాల్సింది పేరు. అదీ తెలుగు పేరు! మంచు పేర్చడానికి మన లిపి అంత అనువైనది ఇంకొకటి నాకు కనిపించలేదు. ప్రతి తలకట్టు మీద మంచు ఆగుతుంది. గుడి మీద గుండ్రంగా ఆగుతుంది. గుడిదీర్ఘం చుట్టు లోపల కూడా కొంచెం చేరుతుంది. ఒత్తులు కిందకి వేలాడతాయి కాబట్టి మంచుకణికలు (కిందకి వేలాడే మంచు కొసలు) అక్కడి నుంచి దింపొచ్చు.

ఫాంట్ లావుగా ఉండాలి. సన్నని ఫాంట్ మీద మంచు పెడితే అక్షరం కన్నా మంచే ఎక్కువైపోతుంది. రామభద్ర బాగా నిలుస్తుంది. కొంచెం అలంకారంగా కావాలంటే ధూర్జటి, పొన్నాల చూడండి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, ఓపెన్ లైసెన్స్‌తో ఉన్నాయి. ఎత్తు విషయంలో జాగ్రత్త. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు రెండూ ఉంటాయి. 150 పిక్సెల్స్‌లో పేరుకి 80 వదిలితే అసలు అక్షరానికి దక్కేది అందులో సగమే. మంచు మందం కోసం పైన ఇంకో ఆరేడు పిక్సెల్స్ ఖాళీ ఉంచుకోండి.

ఇక పద్ధతి. డబుల్ సైజు కాన్వాస్‌కి లెక్క చెబుతున్నాను. పేరు లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్ఫా టు సెలెక్షన్, అక్షరాల ఆకారం మేరకే ఎంపికవుతుంది. పైన కొత్త పారదర్శక లేయర్ తీసి ఆ సెలెక్షన్‌లో మంచు రంగు నింపండి. ఇప్పుడు మూవ్ టూల్‌ని సెలెక్షన్ మోడ్‌కి మార్చి, సెలెక్షన్‌ని మాత్రమే 9 లేదా 10 పిక్సెల్స్ కిందకి జరిపి డిలీట్ కొట్టండి. అక్షరాల్లో పైకి చూసే అంచుల మీద మాత్రం పలచటి తెల్ల పొర మిగులుతుంది, అంటే నిజంగా మంచు ఆగే చోట్ల మాత్రమే. నిలువు గీతల పక్కన ఏమీ ఉండదు.

ఆ పొర కత్తిరించినట్టు పదునుగా ఉంటుంది. దాన్ని గుండ్రం చేయడానికి సెలెక్షన్ తీసేసి గాసియన్ బ్లర్ 3 ఇచ్చి, లెవెల్స్‌లో ఛానెల్‌ని ఆల్ఫాకి (పారదర్శకతకి) మార్చి రెండు కొసల్నీ దగ్గరకి తెండి. మసక అంచు మళ్లీ గట్టిపడుతుంది, మూలలు మాత్రం మెత్తగా ఉండిపోతాయి. తర్వాత చిన్న గట్టి బ్రష్‌తో తలకట్ల మధ్యలో ఒక్కో చుక్క కలపండి. మంచు ఎక్కడా ఒకే మందంలో పేరుకోదు, మధ్యలో ఉబ్బి కొసల్లో పలచబడుతుంది. కింది అంచున 138, 163, 208తో సన్నని నీడ గీత వేస్తే పొరకి మందం వచ్చేస్తుంది.

కణికలు కావాలంటే స్మడ్జ్ టూల్‌తో కిందకి లాగండి. పేరంతటికీ మూడు చాలు, మూడూ వేర్వేరు పొడవులు. ఎక్కువ పెడితే ఒత్తు ఏదో కణిక ఏదో తెలియక పేరే మారిపోతుంది.

ఫోటోషాప్ వాడేవాళ్లకి ఒక సూచన. కొన్ని వెర్షన్లలో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి కనబడతాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని ప్రోగ్రామ్ మళ్లీ తెరవండి. గింప్‌లో ఈ ఇబ్బంది లేదు.

కొత్తకుంచె
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నేల మూడు దిబ్బలుగా మార్చాను, నీలి నీడతో అసలు గుర్తుపట్టలేనంత మారిపోయింది. అక్షరాల మీద మంచు పొర కూడా వచ్చింది. తలకట్ల మీద మంచు చూస్తుంటే భలే ఆనందంగా ఉంది.

రెండు సందేహాలు. నల్ల లేయర్ మీద ఆర్‌జీబీ నాయిస్ ఎంత పెంచినా ఏమీ రావట్లేదు, నలుపు నలుపుగానే ఉంటోంది. రెండోది, రాత్రా సంధ్యా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. నాకు రాత్రి మీదే మనసు.

పొరలపని
'కోరిలేటెడ్ నాయిస్' టిక్ పెట్టి ఉంటుంది, తీసేయండి. అది ఉన్న రంగుని గుణించి నాయిస్ చేస్తుంది. నలుపు అంటే సున్నా, సున్నాని దేనితో గుణించినా సున్నాయే.

నిశిరేఖ
రాత్రిని వదలకండి! రాత్రికి వెచ్చని వెలుగు కలిపితే శీతాకాలం ఇంకా చల్లగా కనిపిస్తుంది. అక్షరాల్ని 255, 214, 140 పసుపుతో నింపి, వెనక అదే రంగుతో పెద్ద బ్లర్ ఉన్న డూప్లికేట్ లేయర్‌ని స్క్రీన్ మోడ్‌లో పెట్టండి. చుట్టూ నీలం ఉంది కాబట్టి పసుపు రెట్టింపు వెలుగుతుంది. నేల మీద పేరు కింద కొంచెం నారింజ మెరుపు వేస్తే ఆ వెలుగు మంచు మీద పడినట్టు ఉంటుంది. చీకట్లో పేరు చదవడానికి రాదన్న సమస్య కూడా తీరిపోతుంది.

అక్షరప్రియ
నిశిరేఖ గారు చెప్పింది అందంగా ఉంటుంది. కానీ దానికీ అక్షరాల మీద మంచుకీ పడదు. దీపంలా వెలిగే అక్షరం వేడిగా ఉందని మన కన్ను అనుకుంటుంది, దాని మీద గడ్డకట్టిన మంచు పెడితే నమ్మదు. పైగా పసుపు వెలుగు తెల్ల పొరలోకి కారి రెండింటి మధ్య గీత పోతుంది. ముదురు అక్షరం మీద లేత మంచు, వెనక లేత ఆకాశం, ఈ మూడూ విడివిడిగా తెలిస్తేనే పేరు కనిపిస్తుంది. వెచ్చదనం కావాలంటే చెట్ల వెనక దూరాన ఒక చిన్న ఇల్లు, దాని కిటికీ నాలుగు పిక్సెల్స్ పసుపు పెట్టండి.

నిశిరేఖ
కిటికీ ఆలోచన బాగుంది. మంచు పొర ఉంచేట్టయితే నేనూ సంధ్యకే ఓటేస్తాను. వెలిగే అక్షరాలు ఇంకో బొమ్మకి దాచుకోండి.

కొత్తకుంచె
సరే, సంధ్యవేళే. అక్షరాలు 28, 46, 84 పెట్టాను, దూరం నుంచి చూసినా పేరు చదవొచ్చు. కిటికీ కూడా పెట్టాను. ఇప్పుడు మంచు కదలాలి. ఎగుడుదిగుడు లేకుండా తిరిగి మొదటికి వచ్చేలా ఎలా చేస్తారు?

కదిలేబొమ్మ
దీనికి లెక్క ముఖ్యం. సగానికి తగ్గించాక మంచు లేయర్ ఎత్తు 150 పిక్సెల్స్ అనుకోండి. ఒక చుట్టులో అది 150 లేదా దాని గుణిజం అంత కిందకి జరగాలి, అప్పుడే చివరి ఫ్రేమ్ మొదటి ఫ్రేమ్‌తో కలుస్తుంది. 30 ఫ్రేమ్‌లు తీసుకుందాం. దూరపు మంచు ఫ్రేమ్‌కి 5 పిక్సెల్స్, మొత్తం 150. మధ్యది 10, మొత్తం 300. దగ్గరిది 15, మొత్తం 450. మూడూ ఒకేసారి మొదటి చోటికి వస్తాయి, వేగాలు వేరు కాబట్టి లోతు దానంతటదే తెలుస్తుంది.

జరపడానికి లేయర్ మెనూలో ట్రాన్స్‌ఫార్మ్, అందులో ఆఫ్‌సెట్. 'ర్యాప్ అరౌండ్' ఎంచుకుంటే కింద బయటికి పోయింది పైనుంచి వస్తుంది. ఫోటోషాప్‌లో ఫిల్టర్ మెనూలో అదర్ కింద ఇదే పేరుతో ఉంది. మొదలుపెట్టే ముందు ప్రతి మంచు లేయర్‌నీ ఒకసారి సగం ఎత్తు ఆఫ్‌సెట్ చేసి చూడండి. బ్లర్ అంచుల దగ్గర చుట్టూ తిరిగి కలవదు కాబట్టి మధ్యలో సగం తెగిన రేకులు బయటపడతాయి. వాటిని నల్ల బ్రష్‌తో కప్పి, ఆ ఖాళీలో రెండు మూడు కొత్త చుక్కలు పెట్టండి.

పక్కకి ఊగాలనుకుంటే మొదటి 15 ఫ్రేమ్‌లు కుడికి, తర్వాతి 15 ఎడమకి, ఫ్రేమ్‌కి ఒక పిక్సెల్. వెళ్లినంతా వెనక్కి రావాలి, అంతే.

వేగం ఫ్రేమ్‌కి 100 మిల్లీసెకన్లు. అప్పుడు చుట్టు 3 సెకన్లు. 20 మిల్లీసెకన్ల కన్నా తక్కువ ఇస్తే బ్రౌజర్లు దాన్ని లెక్కచేయకుండా 100కి మార్చేస్తాయి.

రంగులపెట్టె
కదలికకి నేను అడ్డు చెప్పను గానీ, రెండు విషయాలు. జిఫ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి గరిష్ఠంగా 256 రంగులే. మనం ఇంత కష్టపడి చేసిన సంధ్యాకాశం మెట్లు మెట్లుగా విడిపోతుంది. మెరుపులు, తళుకులు పెడదామనుకుంటే సెకనుకి మూడుసార్లకి మించి ఏదీ మెరవకూడదు, వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో ఉన్న హద్దు అది. వేగంగా మెరిసేవి కొందరిలో మూర్ఛ తెప్పిస్తాయి. చదివేవాళ్ల చూపు పక్కకి లాగే బొమ్మ ప్రతి మెయిల్ కిందా ఉండటం నాకైతే నచ్చదు. మంచు మెల్లగా పడాలి, వేరే ఏదీ కదలకూడదు.

కదిలేబొమ్మ
తళుకులు వద్దన్నదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రంగుల సమస్యకి దారి ఉంది. బొమ్మ పెట్టే చోట ఒప్పుకుంటే యానిమేటెడ్ వెబ్‌పీ గానీ ఏపీఎన్‌జీ గానీ (ఇవీ కదిలే బొమ్మల ఫార్మాట్లే) వాడండి, రెండిటిలోనూ పూర్తి రంగులు, మెత్తటి పారదర్శకత ఉంటాయి. జిఫ్ తప్పదంటే ఇండెక్స్డ్ మోడ్‌కి (పరిమిత రంగుల మోడ్‌కి) మార్చేటప్పుడు డిథరింగ్‌లో, అంటే లేని రంగుల్ని చుక్కల అల్లికతో చూపించే పద్ధతిలో, 'పొజిషన్డ్' ఎంచుకోండి. మిగతా పద్ధతుల్లో చుక్కల అల్లిక ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారి ఆకాశం అంతా మిణుకుమిణుకుమంటుంది, ఫైలు సైజు కూడా పెరుగుతుంది. తర్వాత ఫిల్టర్స్‌లో యానిమేషన్ కింద 'ఆప్టిమైజ్ ఫర్ జిఫ్' నడిపితే మారిన భాగాల్ని మాత్రమే దాచుకుంటుంది.

కొత్తకుంచె
పొజిషన్డ్ పెట్టగానే ఆకాశం కుదురుకుంది. రెండు మిగిలాయి. మూడు సెకన్లకోసారి మంచు ఒక్క క్షణం ఆగి కదులుతోంది. కదలని కాపీని గుండ్రటి మూలలతో పీఎన్‌జీగా సేవ్ చేశాను. ముదురు బ్యాక్‌గ్రౌండ్ ఉన్న చోట మూలల చుట్టూ తెల్లటి గీత కనబడుతోంది.

కదిలేబొమ్మ
ఫ్రేమ్‌లు లెక్కపెట్టండి, 31 ఉంటాయి. చివరిది మొదటిదానికి అచ్చు కాపీ, అందుకే ఒకే దృశ్యం రెండుసార్లు వచ్చి ఆగినట్టు అనిపిస్తుంది. దాన్ని తీసేయండి.

పొరలపని
మూలల్ని తెల్ల బ్యాక్‌గ్రౌండ్ లేయర్ ఉండగా కత్తిరించినప్పుడు అంచు పిక్సెల్స్‌లో ఆ తెలుపు కలిసిపోతుంది. అడుగున ఉన్న తెల్ల లేయర్ తీసేసి, మొత్తానికి గుండ్రటి మూలల లేయర్ మాస్క్ పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. చుట్టూ ఒక పిక్సెల్ అంచు 90, 112, 156 లాంటి మధ్యస్థ నీలంలో పెడితే తెల్ల పేజీ మీదా నల్ల పేజీ మీదా ఒకేలా నిలుస్తుంది. ఎక్కడ పెట్టినా ఆల్ట్ టెక్స్ట్‌లో మీ పేరు రాయడం మరవకండి, బొమ్మ తెరుచుకోని చోట అదే కనిపిస్తుంది.

కొత్తకుంచె
31వ ఫ్రేమ్ ఉంది, తీసేశాను, ఇప్పుడు ఆగకుండా పడుతోంది. మూలలు కూడా శుభ్రంగా వచ్చాయి. కదిలేది వెబ్‌పీలో, కదలనిది పీఎన్‌జీలో రెండూ ఉంచుకున్నాను. మెయిల్‌కి కదలనిదే పెడతాను. లేయర్లన్నీ ఉన్న ఎక్స్‌సీఎఫ్ ఫైలుని డబుల్ సైజులోనే దాచాను. పేరు లేయర్ మారిస్తే మంచు పొర మళ్లీ చేయాల్సిందే కదా? మా చెల్లి తన పేరుతో కూడా ఒకటి అడుగుతోంది.

అక్షరప్రియ
అవును, మంచు పొర ప్రతి పేరుకీ కొత్తగానే చేయాలి. నేల, ఆకాశం, చెట్లు అలాగే వాడుకోండి. మీ చెల్లి పేరులో ఒత్తులు ఉంటే ముందు వాటికి కింద చోటు చూసుకుని, తర్వాతే ఫాంట్ సైజు నిర్ణయించండి.